కమ్యూనిటీ హోస్ట్‌లకు గ్రాంటు నుంచి పారితోషికం: కార్డానో కాటలిస్ట్‌లో ఎలా చేయాలి

కార్డానో ఒక బ్లాక్‌చైన్ నెట్‌వర్క్, అడా దాని క్రిప్టో నాణెం. ఆ నెట్‌వర్క్ ఉమ్మడి నిధి నుంచి, ఓటింగ్ ద్వారా, ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇచ్చే కార్యక్రమం ప్రాజెక్ట్ కాటలిస్ట్. దాని టౌన్ హాల్, అంటే అందరూ కలిసే బహిరంగ సభ, బుధవారం నాడు జూమ్‌లో జరిగేది. యూరప్‌లో సాయంత్రం, మనకు రాత్రి పది దాటాక. అసలు సభ అయిపోయాక జనం చిన్న చిన్న గదులుగా విడిపోయి మాట్లాడుకునేవారు. ఆ గదులను నడిపింది జీతం తీసుకునే ఉద్యోగులు కాదు, వాలంటీర్లు. ఆసియా వాళ్లకు ఆ వేళ కుదరకపోవడంతో తూర్పు దేశాల కోసం కమ్యూనిటీయే వేరే టౌన్ హాల్ పెట్టుకుంది. ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు కూడా అలాగే వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్లకు వాలెట్ (అడా దాచుకునే యాప్) అంటే ఏమిటో, ప్రతిపాదన ఎలా రాయాలో, ఓటు ఎలా వేయాలో ఓపిగ్గా విడమర్చి చెప్పింది చాలావరకు ఈ గదుల్లోనే.

ఇంతటి పనిని ఏళ్ల తరబడి ఉచితంగా చేయించుకోవడం అన్యాయమని నా గట్టి నమ్మకం. అలాగని ముందూ వెనకా చూడకుండా డబ్బు పంచడం మొదలుపెడితే, బాగా నడుస్తున్న బృందం కూడా చీలిపోతుంది. మీరు తెలుగులో గానీ ఇంకో భాషలో గానీ కార్డానో సమావేశాలు నడుపుతూ, హోస్ట్‌లకు కాటలిస్ట్ గ్రాంటు నుంచి పారితోషికం ఇవ్వాలనుకుంటుంటే, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ రాస్తున్నాను. కాటలిస్ట్ నిబంధనలు ఫండ్‌కూ ఫండ్‌కూ (ఒక్కో గ్రాంట్ల విడతను ఫండ్ అంటారు) మారుతుంటాయి కాబట్టి, మీరు దరఖాస్తు చేసే ఫండ్ నియమాలను తప్పకుండా మొదట్నుంచి చివరిదాకా చదవండి.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో హోస్ట్‌లందరికీ ముందే తెలియాలి. కార్డానోలో ఐదు రోజుల కాలాన్ని ఒక ఎపోక్ అంటారు. ప్రతి ఎపోక్‌లో లావాదేవీల ఫీజులు, ఇంకా చలామణిలోకి రాని రిజర్వు నుంచి విడుదలయ్యే అడా కలిసి ఒకచోట పోగవుతాయి. అందులో 20 శాతం ట్రెజరీకి, అంటే ఉమ్మడి ఖజానాకు వెళ్తుంది, మిగతాది నెట్‌వర్క్‌ను నడిపే స్టేక్ పూల్స్‌కూ, వాటికి తమ అడా బలాన్ని అప్పగించిన (డెలిగేట్ చేసిన) వాళ్లకూ రివార్డుల కోసం కేటాయిస్తారు. కాటలిస్ట్‌కు నిధులు ఆ ట్రెజరీ నుంచే. 2020లో మొదలైనప్పుడు ఫండ్0, ఫండ్1 ప్రయోగాలు మాత్రమే. నిజమైన డబ్బుతో నడిచిన మొదటిది ఫండ్2, దాని మొత్తం 2.5 లక్షల డాలర్ల విలువైన అడా. 2023లో ఫండ్10 నాటికి అది 5 కోట్ల అడాకు చేరింది. అంటే మీరు ఒక హోస్ట్‌కు ఇచ్చే పారితోషికం అడా ఉన్నవాళ్లందరి ఉమ్మడి సొమ్ము. లెక్క చెప్పాల్సింది మీ బృందానికి ఒక్కదానికే కాదు, వాళ్లందరికీ.

మొదటి అడుగు: పనిని చూడండి, డబ్బు మాట తర్వాత

నాలుగైదు వారాలు ఏదీ మార్చకుండా మీ సమావేశాలను గమనించండి. ఎవరు ఏం చేస్తున్నారో ఒక షీట్‌లో రాసుకోండి. గంటన్నర సమావేశంలో మాట్లాడేవాళ్లు అందరికీ కనిపిస్తారు. కనిపించని పని అంతకంటే ఎక్కువ ఉంటుంది. ముందు రోజు టెలిగ్రామ్ గ్రూపులో గుర్తు చేసేవాళ్లు, ఈ వారం ఏం మాట్లాడాలో చదివి సిద్ధమయ్యేవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లను పక్క గదిలోకి తీసుకెళ్లి మొదట్నుంచి చెప్పేవాళ్లు, నోట్స్ రాసేవాళ్లు, జవాబు దొరకని ప్రశ్నను పట్టుకుని మూడు రోజుల తర్వాతైనా జవాబు తెచ్చి పెట్టేవాళ్లు. సమావేశానికి విలువ వచ్చేది ముఖ్యంగా ఈ చివరి ఇద్దరి వల్ల. నోట్స్ లేకపోతే రానివాళ్లకు ఏమీ మిగలదు. జవాబు రాకపోతే అడిగినవాళ్లు మళ్లీ రారు.

ఈ జాబితా చేతికి వచ్చాక ఒక్కో హోస్ట్‌తో విడిగా మాట్లాడండి. అందరి ముందు అడిగితే మొహమాటానికి "నాకేమీ వద్దండి" అనేస్తారు. ఒక్కరితో మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తుంది: ఒకరికి ఇంటర్నెట్ ఖర్చు వస్తే చాలు, ఒకరు ఉద్యోగం వెతుక్కుంటూ రాత్రిళ్లు ఈ పని చేస్తున్నారు, ఇంకొకరికి డబ్బు కంటే పని చేసినట్టు రుజువు కావాలి.

కొంతమంది నిజంగానే డబ్బు తీసుకోకూడదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లతో ఈ మాట తప్పకుండా మాట్లాడండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు తమను స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరే పని చేయాలి, ఎఫ్1 విద్యార్థులకు బయటి పనిమీద గట్టి ఆంక్షలు ఉన్నాయి. కొద్దిపాటి అడా కోసం ఎవరి వీసా స్థితీ చిక్కుల్లో పడకూడదు. "తీసుకునే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి" అని రాతపూర్వకంగా చెప్పండి. ఇక్కడ ప్రభుత్వోద్యోగంలో ఉన్నవాళ్లు, బయట ఆదాయం ఉండకూడదని కంపెనీతో ఒప్పందం రాసిచ్చినవాళ్లు కూడా తమ నియమాలు చూసుకోవాలి. వద్దన్నవాళ్ల వాటాను వాళ్ల బంధువుల వాలెట్‌కు పంపే ఏర్పాటు చేయకండి. అది నిధిలోనే ఉండనివ్వండి, వాళ్ల పేరు మాత్రం పని జాబితాలో గౌరవంగా ఉంచండి.

డబ్బు మాట ఎత్తే ముందు ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి తీసుకోవడం కష్టం. గ్నీజీ, రుస్తిచిని అనే ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ కేంద్రాలపై చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. జరిమానా తీసేశాక కూడా పాత స్థితికి రాలేదు. మొహమాటంతో, బాధ్యతతో నడిచే సంబంధంలోకి ధర వచ్చింది, అలాగే ఉండిపోయింది. మనం ఇచ్చేది జరిమానా కాదు, పారితోషికం. అయినా హెచ్చరిక మనకూ వర్తిస్తుంది: ఆరు నెలల గ్రాంటు అయిపోయాక ఏం జరగాలో మొదటి రోజే ఆలోచించి పెట్టుకోవాలి.

రెండో అడుగు: కొలత, రేటు

హాజరైనవాళ్ల సంఖ్యను బట్టి హోస్ట్‌కు డబ్బు ఇవ్వకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. తలకు ఇంత అని పెట్టిన మరుక్షణం నుంచి ఖాళీ ఖాతాలు, టోకెన్ల కోసం వచ్చేవాళ్లు, కెమెరా ఆపేసి నిద్రపోయేవాళ్లు గదిని నింపేస్తారు. నలుగురే వచ్చిన వారం కూడా హోస్ట్ అంతే సిద్ధమై వస్తారు. ఆ నలుగురిలో ఒకరు తర్వాతి ఫండ్‌లో ప్రతిపాదన రాసే మనిషి కావచ్చు.

మీటింగ్‌లో ఉన్న నిమిషాలను మాత్రమే లెక్కగట్టడం కూడా సరికాదు. సమావేశంలో ఒక్కో పాత్రకు ఇంత అని పెట్టండి, ముందు వెనకల పనిని అందులోనే కలపండి. ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. వారానికి ఒక సమావేశం, మొత్తం 24 వారాలు. ప్రధాన హోస్ట్‌కు సిద్ధం కావడం, నడపడం, తర్వాత ప్రశ్నల వెంట పడడం కలిపి 3 గంటలు. నోట్స్ రాసేవాళ్లకు 3 గంటలు. కొత్తవాళ్లకు సాయం చేసేవాళ్లకు 2 గంటలు. సమావేశానికి 8 గంటల చొప్పున 24 వారాలకు 192 గంటలు. జట్టును నడిపి, లెక్కలు రాసే సమన్వయకర్తకు వారానికి 2 గంటలు, అంటే 48. మొత్తం 240 గంటలు. గంటకు 600 రూపాయలు అనుకుంటే 1,44,000 రూపాయలు. లెక్క కోసం అడా ధర 50 రూపాయలు అనుకుంటే 2,880 అడా.

ఇక్కడితో ఆగితే ఇబ్బందే. అడా 2021 సెప్టెంబరులో 3 డాలర్లు దాటింది, 2022 చివరికి పావు డాలర్ దరిదాపులకు పడిపోయింది. ఫండ్9 వరకు ప్రతిపాదకులు డాలర్లలో అడిగేవారు. ఫండ్10 నుంచి అడాలో అడగడం మొదలైంది. కాబట్టి ధర పడితే ఆ నష్టం మీ జట్టుదే. పై మొత్తానికి నాలుగో వంతు, 720 అడా, నిల్వగా కలపండి. 3,600 అవుతుంది. ఇంకో 400 అడా విడిగా పెట్టమంటాను. అది దేనికో మూడో అడుగులో చెబుతాను. మొత్తం 4,000 అడా.

రేటును రూపాయల్లో నిర్ణయించి, చెల్లించే రోజు ధరకు అడాలోకి మార్చండి. ధర పడితే ముందు నిల్వ వాడండి. అదీ చాలకపోతే సమావేశాల సంఖ్య తగ్గించండి, మనిషికి ఇచ్చే రేటు తగ్గించకండి. ధర పెరిగి మిగిలితే మరికొన్ని వారాలు నడపండి, ఆ మిగులును మీలో మీరు పంచుకోకండి. ఈ నాలుగు వాక్యాలూ ప్రతిపాదనలోనే రాసేయండి. ఓటర్లు ఇలాంటి మాటలు గమనిస్తారు.

ఒక చిక్కు ఉంది. కాటలిస్ట్‌లో ఒక్కో విభాగానికి కనీస, గరిష్ఠ మొత్తాలు ఉంటాయి. హోస్ట్‌ల పారితోషికం లాంటి చిన్న అవసరం ఆ కనీసం కంటే తక్కువ కావచ్చు. అలాంటప్పుడు అంకె పెంచడానికి వెబ్‌సైటు, లోగో, యాప్ అంటూ చేర్చకండి. తమిళ, కన్నడ, హిందీ బృందాలతో మాట్లాడి ఒకే ప్రతిపాదన వేయండి. అందరికీ ఒకే రేటు, ఒకే లెక్కల పద్ధతి. చెల్లింపుల పని కూడా ఒక్కసారితో పోతుంది.

మూడో అడుగు: ఎవరికి, ఎవరి ఆమోదంతో

తన గంటలను తానే ఆమోదించుకునే ఏర్పాటు ఎక్కడా ఉండకూడదు. సమన్వయకర్త గంటలను హోస్ట్‌లలో ఒకరు చూడాలి, హోస్ట్‌ల గంటలను సమన్వయకర్త, బృందం బయటి మనిషి ఒకరు కలిసి చూడాలి. ఆ బయటి మనిషి మీ సమావేశాలకు తరచుగా వస్తూ, డబ్బు తీసుకోని వ్యక్తి అయితే మేలు.

పాత్రలను వంతులవారీగా మార్చండి. ఒకే మనిషి ఎప్పుడూ ప్రధాన హోస్ట్‌గా ఉంటే అది ఆయన కార్యక్రమం అయిపోతుంది. నోట్స్ రాసేవాళ్లకూ నడిపేవాళ్లకూ ఒకే గంట రేటు ఉంచమనడం కూడా అందుకే. నోట్స్ పని చాలాచోట్ల అమ్మాయిల మీద పడుతుంది, డబ్బు దగ్గరికి వచ్చేసరికి అదే "చిన్న పని" అయిపోతుంది. రేటు ఒక్కటే అయితే ఆ పక్షపాతానికి తావుండదు.

పక్కన పెట్టిన 400 అడా సంగతి. ముందే రాసుకున్న జాబితాలో ఇమడని మంచి పని ఎప్పుడూ ఉంటుంది. అర్ధరాత్రి ఎవరో మోసపోబోతుంటే ఫోన్ చేసి ఆపినవాళ్లు ఉంటారు, ఓటు నమోదు పద్ధతిని చక్కటి తెలుగులో రాసిపెట్టినవాళ్లు ఉంటారు. ఇలాంటి పనికి జరిగాక ఇవ్వడమే సబబు. ఇథీరియం అనే మరో బ్లాక్‌చైన్ వైపు ఆప్టిమిజం అనే నెట్‌వర్క్ ఈ ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేసింది: ఏది ఉపయోగపడుతుందో ముందే ఊహించడం కంటే ఏది ఉపయోగపడిందో తర్వాత తేల్చడం తేలిక అన్నది వాళ్ల సూత్రం. 2023లో రెండో విడతగా 1 కోటి, 2024 మొదట్లో మూడో విడతగా 3 కోట్ల టోకెన్లు (ఓపీ అనే తమ నాణేలు) అలా పంచారు. మీరు మూడు నెలలకోసారి 200 అడా చొప్పున పంచండి.

ఎలా పంచాలంటే, కోఆర్డినేప్ అనే పద్ధతి తెలుసుకోవడం మంచిది. ఒక్కో సభ్యుడికి 100 పాయింట్లు ఇస్తారు, వాటిని తనకు కాక ఇతరులకు పంచాలి. ఎవరికి ఎన్ని వచ్చాయో ఆ నిష్పత్తిలో డబ్బు వెళ్తుంది. చిన్న మొత్తానికి ఇది చక్కగా పనికొస్తుంది. పారితోషికం మొత్తాన్ని మాత్రం దీని మీద వదలకండి. బాగా మాట్లాడేవాళ్లకు, స్నేహితులు ఎక్కువ ఉన్నవాళ్లకు పాయింట్లు పోగవుతాయి. నిశ్శబ్దంగా పని చేసుకుపోయేవాళ్లకు నిర్ణీత రేటే రక్షణ.

హోస్ట్‌లతో ఒక చిన్న ఒప్పందం తెలుగులోనే రాసుకోండి. ఇలా ఉంటే చాలు:

"నాకు కేటాయించిన వారం రాలేకపోతే కనీసం ఒక రోజు ముందు చెబుతాను, నా బదులు వచ్చినవాళ్లకే ఆ వారం పారితోషికం వెళ్తుంది. నోట్స్ 48 గంటల్లో పెడతాను. ఎవరి రికవరీ పదాలూ (వాలెట్‌ను తెరిచే రహస్య పదాలు) అడగను, ఎవరైనా చెప్పబోతే ఆపుతాను. ఏ టోకెన్ కొనమనీ చెప్పను. నాకు స్టేక్ పూల్ ఉన్నా, ఏ ప్రాజెక్టు నుంచి డబ్బు అందుతున్నా సమావేశం మొదట్లోనే చెబుతాను. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు అందరినీ అడుగుతాను."

ఇందులో టోకెన్ల మాటను తేలిగ్గా తీసుకోకండి. కాయిన్ల పేరుతో గొలుసుకట్టు స్కీములు మన ఊళ్లలో చాలామంది డబ్బు తినేశాయి. తెలుగులో ఆప్యాయంగా మాట్లాడే హోస్ట్‌ను జనం సొంత మనిషిలా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని అమ్ముకున్నట్టు రుజువైతే ఆ రోజు నుంచే పారితోషికం, పాత్ర రెండూ ఆగిపోతాయని ఒప్పందంలో ఉండాలి.

నాలుగో అడుగు: ప్రతిపాదన రాయడం

సమీక్షకులు చూసేవి ముఖ్యంగా మూడు: ప్రభావం, చేయగల సత్తా, ఖర్చుకు తగ్గ విలువ. హోస్ట్‌ల ప్రతిపాదనలు ఎక్కువగా మొదటిదాని దగ్గరే తడబడతాయి. "పది వేల మందికి బ్లాక్‌చైన్ విద్య" అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. అంతకంటే మీరు నాలుగైదు వారాలు గమనించి రాసుకున్న షీట్ బలమైన సాక్ష్యం. ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్నింటికి జవాబు దొరికింది, మొదటిసారి వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు ఎందరు, తెలుగు నోట్స్ లంకెలు ఎక్కడున్నాయి అన్నవి పెట్టండి. ఇంతవరకు ఉచితంగా చేసిన పనిని చూపించడమే సత్తాకు రుజువు. అయితే చేసేసిన పనికి డబ్బు అడుగుతున్నట్టు కాకుండా, ఇకముందు చేయబోయే పనికే అడుగుతున్నారని స్పష్టంగా ఉండాలి.

ఇప్పటికే జీతం లేకుండా నడుస్తున్న పనికి డబ్బెందుకు అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాటవేయకండి. ఎంతమంది హోస్ట్‌లు గత ఏడాది మానేశారో, ఎందుకు మానేశారో వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా రాయండి. సమావేశం ఆగిపోయిన వారాలు ఉంటే అవీ రాయండి.

కాటలిస్ట్‌లో ఓటు బలం వాలెట్‌లో ఉన్న అడాను బట్టి ఉంటుంది. మీ గదికి వచ్చే యాభై మంది విద్యార్థుల ఓట్లు కలిపినా ఒక పెద్ద వాలెట్‌కు సరితూగకపోవచ్చు. ఇది నాకు నచ్చే ఏర్పాటు కాదు, కానీ ఉన్నది అదే. కాబట్టి ప్రతిపాదనను సరళమైన ఇంగ్లిష్‌లో రాయండి, వ్యాఖ్యల్లో వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వండి, ఇతర భాషల టౌన్ హాళ్లకు వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడండి. ఓట్ల కోసం డబ్బు గానీ టోకెన్లు గానీ ఇస్తామన్న మాట ఎవరి నోటా రానివ్వకండి.

ఐదో అడుగు: మైల్‌స్టోన్లు

ఫండ్10 నాటికి డబ్బు మైల్‌స్టోన్ల (పనిలోని దశల) లెక్కన విడుదలయ్యే పద్ధతి వచ్చింది. గెలిచాక ముందు గుర్తింపు పత్రాల పరిశీలన ఉంటుంది. తర్వాత ఏ దశలో ఏం చేస్తారో, దానికి రుజువు ఏమిటో రాసిచ్చి ఆమోదం పొందాలి. పని చేసి రుజువు పెట్టాక, సమీక్షకులు సరేనన్నాక, ఆ దశ డబ్బు వస్తుంది.

దీన్నిబట్టి హోస్ట్‌కు ఎప్పుడు డబ్బు అందుతుందో లెక్కవేయండి. ఆరు నెలల పనిని రెండే దశలుగా విడగొడితే మొదటి మూడు నెలలు అందరూ ఎదురుచూస్తూ కూర్చోవాలి, పైగా సమీక్షకు కొన్ని వారాలు. మొదటి దశ చిన్నదిగా, త్వరగా పూర్తయ్యేదిగా పెట్టండి: పాత్రల వివరణ, ఒప్పందం, నోట్స్ నమూనా, మొదటి నాలుగు సమావేశాలు. ఆ దశలో వచ్చిన డబ్బుతో నెలకోసారి చెల్లింపులు మొదలవుతాయి. ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు "వచ్చే నెల తప్పకుండా" అని హోస్ట్‌లకు మాటివ్వకండి. తక్కువ ఇచ్చినా సర్దుకుంటారు కానీ, చెప్పిన రోజుకు ఇవ్వకపోతే మనసు విరిగిపోతుంది.

రుజువులుగా పెట్టాల్సినవి సమావేశాల తేదీలు, నోట్స్, ప్రశ్నలు-జవాబుల జాబితా, చెల్లింపుల లావాదేవీ ఐడీలు. "సమావేశానికి కనీసం 30 మంది" లాంటి హామీ మైల్‌స్టోన్‌లో పెట్టుకోకండి. అది మీ చేతిలో ఉన్నది కాదు. "24 సమావేశాలు, ప్రతిదానికీ 48 గంటల్లో నోట్స్, వచ్చిన ప్రశ్నలన్నింటికీ జవాబు, దొరకనివాటికి ఎందుకు దొరకలేదో వివరణ" అన్నది మీరు నిలబెట్టుకోగల మాట.

ఆరో అడుగు: డబ్బు పంపడం

గ్రాంటు సొమ్ము ఒక్కరి వాలెట్‌లో ఉండకూడదు. కార్డానోలో బహుళ సంతకాల వాలెట్‌కు విడిగా స్మార్ట్ కాంట్రాక్టు (బ్లాక్‌చైన్‌పై నడిచే ప్రోగ్రామ్) రాయనక్కర్లేదు, నెట్‌వర్క్‌లోనే ఉన్న స్క్రిప్టులతో ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలేలా పెట్టుకోవచ్చు. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూడండి.

హోస్ట్‌లు ఇచ్చే చిరునామా సొంత వాలెట్‌ది అయి ఉండాలి, "addr1" అక్షరాలతో మొదలవుతుంది. మొదటిసారి రెండు అడా పంపి, అందిందని వాళ్లు చెప్పాకే మిగతాది పంపండి. వాలెట్ కొత్తగా పెట్టుకుంటున్నవాళ్లకు రికవరీ పదాలు కాగితం మీద రాసుకోమనండి, ఫోన్‌లో ఫొటో తీయొద్దనండి, వాళ్లు రాసుకునేటప్పుడు మీరు తెర చూడకండి.

కార్డానోలో ఒకే లావాదేవీలో చాలామందికి పంపవచ్చు. నెలాఖరున పదిమంది హోస్ట్‌లకూ ఒక్క లావాదేవీ చాలు, ఫీజు ఒక అడా కంటే తక్కువే పడుతుంది. ఒక్కొక్కరికి పంపే మొత్తం మాత్రం కనీసం ఒక అడా దరిదాపుల్లో ఉండాలి, అంతకంటే తక్కువను నెట్‌వర్క్ ఒప్పుకోదు. లావాదేవీతో పాటు చిన్న సందేశం జోడించే వీలుంది, దానికి వాడే మెటాడేటా లేబుల్ (జోడించిన సమాచారం ఏ రకమో తెలిపే సంఖ్య) 674. ఒక్కో వరుసలో 64 బైట్లే పడతాయి. తెలుగు అక్షరానికి మూడు బైట్లు, పైగా గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్క. కాబట్టి తెలుగులో రాస్తే వరుసకు 21 గుర్తులకు మించవు. నెల, మైల్‌స్టోన్ సంఖ్య తెలిపే చిన్న కోడ్ పెట్టి, పూర్తి వివరం షీట్‌లో రాయండి.

బహిరంగ షీట్‌లో హోస్ట్ అసలు పేరు, వాలెట్ చిరునామా పక్కపక్కన పెట్టకండి. చిరునామా తెలిస్తే అందులో ఎంత ఉందో ఎవరైనా చూడగలరు. అదే వాలెట్‌లో కొత్త చిరునామా తీసినా లాభం లేదు, సాధారణంగా అన్నింటిలోనూ ఒకే స్టేక్ కీ (ఆ వాలెట్‌కు గుర్తుగా ఉండే భాగం) ఉంటుంది కాబట్టి అవి ఒకరివేనని తెలిసిపోతుంది. పారితోషికం కోసమే విడిగా ఒక వాలెట్ పెట్టుకోమని చెప్పండి. షీట్‌లో మారుపేరు, పాత్ర, వారం, గంటలు, రూపాయల్లో మొత్తం, ఆ రోజు అడా ధర, లావాదేవీ ఐడీ ఉంటే చాలు.

ఏడో అడుగు: పన్ను

భారత్‌లో ఉన్న హోస్ట్‌లకు మొదటి చెల్లింపుకు ముందే చెప్పాల్సిన విషయాలు ఉన్నాయి. పని చేసినందుకు అందిన అడాను, అందిన రోజు ధర ప్రకారం ఆదాయంగా చూపించడం సాధారణ పద్ధతి. తర్వాత దాన్ని అమ్మితే వచ్చే లాభంపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ పడుతుంది. ఒక కాయిన్‌లో నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకునే వీలు లేదు. 2022 జులై 1 నుంచి అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. షీట్‌లో ఆ రోజు ధర రాయమన్నది ఇందుకు కూడా: ఏడాది తర్వాత ఆ ధర వెతుక్కోవడం హోస్ట్‌కు నరకం. ఐటీఆర్ సమయానికి ప్రతి హోస్ట్‌కూ ఏడాది లెక్కను ఒక పేజీలో ఇవ్వండి. చెల్లించేవాళ్లుగా మీ మీద ఏ బాధ్యత ఉందో క్రిప్టో తెలిసిన సీఏను ఒకసారి అడగండి, ఆ ఫీజును బడ్జెట్‌లోనే పెట్టండి.

ఎనిమిదో అడుగు: ముగింపు దశ

గ్రాంటు అయిపోవడానికి రెండు నెలల ముందే హోస్ట్‌లందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మళ్లీ దరఖాస్తు చేస్తామా, చేసినా గెలవకపోతే వారానికి బదులు నెలకు రెండుసార్లు నడుపుతామా, ఎవరు కొనసాగుతారు, ఎవరు విరామం తీసుకుంటారు అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. రెండు ఫండ్ల మధ్య ఎంతో కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరికీ డబ్బు రాదని ముందే తెలిసినవాళ్లు నొచ్చుకోరు.

చివరి మైల్‌స్టోన్‌కు ముగింపు నివేదిక, వీడియో ఇవ్వాలి. ఆ వీడియోలో సమన్వయకర్త ఒక్కరే మాట్లాడకుండా నోట్స్ రాసినవాళ్లను, కొత్తవాళ్లకు సాయం చేసినవాళ్లను వాళ్లకిష్టమైతే మాట్లాడనివ్వండి. నివేదికలో మిగిలిన అడా ఎంతో, అది ఏ వాలెట్‌లో ఉందో, దాన్ని ఏం చేయబోతున్నారో రాయండి. ప్రతి హోస్ట్‌కూ ఎన్ని సమావేశాలు, ఏ పాత్రలో నడిపారో తెలిపే ఒక పత్రం సంతకం చేసి ఇవ్వండి. డబ్బు తీసుకోనివాళ్లకు ఆ పత్రం మొదట ఇవ్వండి.